ఫేడర్‌నీ మ్యూట్‌నీ ఒకే గాటన కట్టకండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఆడియో పరికరాలను నెట్‌వర్క్ ద్వారా నడిపించడం గురించి మీ టెక్నాలజీ పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. ఇలాంటి విషయానికి దినపత్రికలో చోటు దొరకడమే అరుదు, అందుకు ముందుగా అభినందనలు. అయితే వ్యాసకర్త చివర్లో ఒక మాట తేల్చి పారేశారు. నెట్‌వర్క్‌లో డేటాను చిన్న ముక్కలుగా, అంటే ప్యాకెట్లుగా, పంపే నియమావళిని ప్రోటోకాల్ అంటారు. పంపి మర్చిపోయేది యూడీపీ, అందిందన్న రసీదు వచ్చేదాకా మళ్లీ మళ్లీ పంపేది టీసీపీ. యూడీపీలో ప్యాకెట్లు దారిలో పోతాయి, టీసీపీలో పోవు, కాబట్టి యాంప్లిఫయర్లు, మిక్సర్లు, శబ్దాన్ని అంకెల్లో లెక్కకట్టి మలిచే డీఎస్‌పీ బోర్డులు తయారుచేసేవాళ్లు కళ్లు మూసుకుని టీసీపీనో, దాని మీద నడుస్తూ బ్రోకర్ అనే మధ్యవర్తి కంప్యూటర్ ద్వారా సందేశాలు పంచే ఎమ్‌క్యూటీటీనో పెట్టుకుంటే సరిపోతుందని రాశారు. నా పని అదే. యాంప్లిఫయర్ లోపలుండే చిన్న కంప్యూటర్‌కు ప్రోగ్రామ్, అంటే ఫర్మ్‌వేర్, రాస్తాను. అక్కడ ట్యాబ్లెట్ మీద ఎవరో వేలు జరిపినప్పటి నుంచి ఇక్కడ స్పీకర్‌లో శబ్దం మారేదాకా మధ్యలో ఏది తేడా వచ్చినా ఫోన్ నాకే వస్తుంది. అందుకే ఈ ఉత్తరం. కళ్లు మూసుకుని పెట్టుకోదగ్గ ప్రోటోకాల్ నాకింతవరకూ కనబడలేదు. ముందు పంపే సందేశం ఎలాంటిదో చూడాలి, అది పోతే ఏమవుతుందో, ఆలస్యమైతే ఏమవుతుందో ఆలోచించాలి. ప్రోటోకాల్ పేరు ఆ తర్వాతి సంగతి.

శబ్దాన్ని మోసుకెళ్లే పని వేరు, శబ్దాన్ని అదుపు చేసే పని వేరు. వ్యాసంలో ఈ రెండూ కాస్త కలిసిపోయాయి. డాంటే, ఏఈఎస్67 లాంటివి మొదటి పని చేస్తాయి. సెకనుకు 48,000 శాంపిళ్లు, అంటే శబ్దపు కొలతలు, ఆగకుండా ప్రవహిస్తూ ఉండాలి, అది మరో లోకం. నేను మాట్లాడుతున్నది రెండోదాని గురించి. వాల్యూమ్ పెంచు, మైకు ఆపు, ఈక్వలైజర్ మార్చు, మూడో ప్రీసెట్ (ముందే దాచుకున్న సెట్టింగుల జట్టు) తెరువు, ఇలాంటివి. ఇందులో వెళ్లే డేటా పిసరంత. అందుకే చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. డేటా తక్కువ కదా, ఏదో ఒకటి పెట్టేద్దాం అనుకుంటారు. తంటా అంతా అక్కడే మొదలవుతుంది.

ఫేడర్, అంటే వాల్యూమ్‌ను పైకీ కిందికీ జరిపే మీట, దాని సంగతి చూడండి. ట్యాబ్లెట్ తెర మీద ఫేడర్‌ను పై నుంచి కిందికి లాగుతున్నారు. యాప్ సెకనుకు 50 సార్లు, అంటే ప్రతి 20 మిల్లీసెకన్లకు ఒకసారి, వేలు ఎక్కడుందో పంపుతోంది. మధ్యలో ఒక ప్యాకెట్ పోయింది. యూడీపీ అయితే ఏమీ జరగదు. 20 మిల్లీసెకన్లలో తర్వాతి ప్యాకెట్ వస్తుంది, అందులో ఇంకా తాజా విలువ ఉంటుంది. డీఎస్‌పీ ఎలాగూ పాత విలువ నుంచి కొత్త విలువకు మెల్లగా జారుతుంది కాబట్టి వినేవాడికి ఆ సంగతే తెలియదు. టీసీపీ అయితే కథ వేరు. వెనక వచ్చిన ప్యాకెట్లు పరికరం దాకా చేరినా సరే, పోయినది మళ్లీ వచ్చేదాకా టీసీపీ వాటిని నా ప్రోగ్రామ్‌కు అందనివ్వదు. వరస తప్పకూడదన్నది దాని నియమం. పరిస్థితి బాగుంటే కొన్ని పదుల మిల్లీసెకన్లలో తేలిపోతుంది. ఖర్మ కాలి టైమర్ దాకా వెళ్తే లినక్స్‌లో దాని కనీస గడువే 200 మిల్లీసెకన్లు. ఆ తర్వాత ఆగినవన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. శబ్దం కాసేపు బిగుసుకుపోయి, ఒక్క ఉదుటున కిందికి దూకుతుంది. పైగా అలా ఆలస్యంగా వచ్చిన పాత విలువలు ఎవరికి కావాలి? మలుపు దాటిపోయాక పక్క సీట్లో కూర్చున్నాయన కుడికి తిప్పమన్నట్టు ఉంటుంది.

ఇక్కడ తెలిసినవాళ్లు ఒక ప్రశ్న వేస్తారు, వేయాలి కూడా. వేలు ఆగిపోయాక వెళ్లిన ఆఖరి ప్యాకెట్టే పోతే? దాని వెనక ఇంకేదీ రాదు కదా? నిజమే. యూడీపీ పెట్టుకుని ఈ సంగతి పట్టించుకోని పరికరాల్లో తెర మీద ఒక విలువ, లోపల ఒక విలువ ఉండిపోతాయి. ఎవరూ గమనించరు, మళ్లీ ఫేడర్ ముట్టుకునేదాకా. దీనికి మందు టీసీపీ కాదు. పరికరం తన దగ్గరున్న అసలు విలువను ఉండుండి బయటికి చెబుతూ ఉండాలి. యాప్ దాన్ని తన విలువతో పోల్చి, తేడా ఉంటే మళ్లీ పంపాలి. నిజం ఎవరి దగ్గరుంది అంటే పరికరం దగ్గర. తెర మీద కనిపించేది దాని నీడ మాత్రమే అన్న క్రమశిక్షణ ఉంటే రెండు ట్యాబ్లెట్లు ఒకే మిక్సర్‌ను పట్టుకున్నా గొడవ రాదు.

ఇప్పుడు మ్యూట్. ఇది ఫేడర్ లాంటిది కాదు. నొక్కేది ఒక్కసారే, వెనక తాజా విలువలేవీ రావు. ఆ ఒక్కటీ పోతే మైకు తెరిచే ఉంటుంది, నొక్కినాయన మూసేశాననుకుని ఏదో మాట్లాడేస్తాడు. కాబట్టి మ్యూట్‌కు రసీదు కావాలి. వ్యాసకర్తతో ఇంతవరకూ నాకు పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, టీసీపీ ఇచ్చే రసీదును ఆయన పని పూర్తయిందనడానికి రుజువుగా తీసుకున్నారు. అది అలాంటి రసీదు కాదు.

టీసీపీ రసీదుకు అర్థం అవతలి పక్క నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ ఆ బైట్లను తన చేతిలోకి తీసుకుందని. అంతే. చిన్న పరికరాల్లో ఆ సాఫ్ట్‌వేర్ తరచుగా ఎల్‌డబ్ల్యూఐపీ అనే లైబ్రరీ. అది బైట్లను బఫర్ అనే తాత్కాలిక అరలో వేస్తుంది. అక్కడి నుంచి నా టాస్క్, అంటే నా ప్రోగ్రామ్‌లో ఆ పని చూసే భాగం, వాటిని చదవాలి, ఇది మ్యూట్ అని గుర్తుపట్టాలి, చిప్‌ల మధ్య సందేశాలు మోసే ఐటూసీ తీగ మీదుగా డీఎస్‌పీ చిప్‌లో రిజిస్టర్ అనే చిన్న మెమరీ గడి రాయాలి, చిప్ గెయిన్‌ను, అంటే శబ్దం పెంపును, సున్నాకు దించాలి. ఆ సమయానికి నా టాస్క్ ఫ్లాష్‌లో సెట్టింగులు భద్రపరుస్తూ ఇరుక్కుపోయి ఉండొచ్చు. ఐటూసీ తీగ జామ్ అయి ఉండొచ్చు. రసీదు మాత్రం అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది. తెర మీద మ్యూట్ బటన్ ఎర్రగా వెలిగింది, గదిలో మైకు మాత్రం మోగుతూనే ఉంది. ఫిర్యాదు వచ్చినప్పుడు లాగ్ తీసి చూస్తే నెట్‌వర్క్ వైపు అంతా సవ్యంగా కనిపిస్తుంది. ఇంతకన్నా తలనొప్పి లోపం ఇంకోటి ఉండదు.

కాబట్టి రసీదు ఇవ్వాల్సింది టీసీపీ కాదు, నా ప్రోగ్రామ్. అదీ డీఎస్‌పీ రిజిస్టర్ రాసి, వీలైతే తిరిగి చదివి చూసుకున్నాక. 'మ్యూట్ చెయ్యి' అన్న సందేశానికి 'సరే' అని కాదు, 'నాలుగో చానల్ ఇప్పుడు మ్యూట్‌లో ఉంది' అని జవాబు రావాలి. ఆ జవాబు వచ్చాకే బటన్ ఎర్రబడాలి. ఇలాంటి జవాబు ప్రోటోకాల్‌లో ఉంటే కింద టీసీపీ ఉన్నా యూడీపీ ఉన్నా పెద్ద తేడా లేదు. జవాబు రాకపోతే మళ్లీ పంపుతాం. ఇంటర్నెట్‌కు తగిలించిన చిన్న పరికరాల కోసం 2014లో వచ్చిన కోయాప్ ప్రోటోకాల్ యూడీపీ మీద నడుస్తూనే ఏ సందేశానికి రసీదు కావాలో, దేనికి అక్కర్లేదో సందేశంలోనే విడివిడిగా గుర్తు వేయనిస్తుంది. ఆ ఆలోచన నాకు నచ్చుతుంది. దాన్ని ఆడియోలో వాడేవాళ్లు తక్కువే అనుకోండి.

మళ్లీ పంపుతాం అనగానే ఇంకో చిక్కు. సందేశాన్ని ఎలా రాశామన్నది. 'వాల్యూమ్ ఒక డెసిబెల్ పెంచు' అని రాస్తే, అది ఒకసారి పోతే తక్కువ పెరుగుతుంది, రెండుసార్లు అందితే ఎక్కువ పెరుగుతుంది. 'వాల్యూమ్ మైనస్ 12 డెసిబెల్స్‌లో పెట్టు' అని రాస్తే పదిసార్లు అందినా ఫలితం ఒక్కటే. అన్నిటికన్నా దారుణం 'మ్యూట్ మార్చు' అనే ఆదేశం. ఉంటే తీసెయ్, లేకపోతే పెట్టు అని దాని అర్థం. జవాబు దారిలో పోయిందనుకుని యాప్ దాన్ని రెండోసారి పంపిందా, మూసిన మైకు తెరుచుకుంటుంది. ఎమ్‌క్యూటీటీలో క్యూఓఎస్ 1 అంటే 'కనీసం ఒకసారి అందిస్తాను' అన్న హామీ. కనీసం అన్న మాటలోనే రెండుసార్లు అందే ప్రమాదం ఉంది. నమ్మకమైన ప్రోటోకాల్ పెట్టుకున్నాం కదా అని ఇలాంటి ఆదేశాలు రాసేవాళ్లను చూస్తూనే ఉన్నాను.

యూడీపీలో ప్యాకెట్లు వెనకా ముందూ కావడం కూడా ఉంది. దానికి ప్రతి సందేశంలో ఒక వరస సంఖ్య పెడితే చాలు, పాతది కొత్తదాని తర్వాత వస్తే పక్కన పడేయొచ్చు. పరికరం మధ్యలో ఆగి మళ్లీ లేస్తే లెక్క మొదటికొస్తుంది, అందుకని సెషన్ గుర్తు ఒకటి తోడుగా ఉండాలి. పెద్ద పనేం కాదు, మర్చిపోతే మాత్రం పెద్ద పనవుతుంది.

రసీదు లేకుండా బతకడం ఎలాగో తెలుసుకోవాలంటే మిడిని చూడాలి. కీబోర్డుల లాంటి సంగీత వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ప్రోటోకాల్ అది, 1983 నాటిది. సెకనుకు 31,250 బిట్ల వేగం. ఒక స్వరం మోగించమని చెప్పే సందేశం మూడు బైట్లు, అది తీగ దాటడానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది. విలువలు మామూలుగా ఏడు బిట్లు, అంటే 128 మెట్లే. పాత మిడిలో ఇలాంటి మామూలు సందేశం అందిందని చెప్పే ఏర్పాటే లేదు. అయినా నలభై ఏళ్లు దాటినా కీబోర్డుల వెనక ఆ సాకెట్ అలాగే ఉంది. దాన్ని రూపొందించినవాళ్లు సందేశం పోతే ఏమవుతుందో ముందే ఆలోచించారు. స్వరం ఆపమనే సందేశం పోతే అది మోగుతూనే ఉంటుంది కదా, అందుకు 'అన్ని స్వరాలూ ఆపు' అనే సందేశం విడిగా పెట్టారు. ఇంకా ముచ్చటైనది 'యాక్టివ్ సెన్సింగ్'. పంపే పరికరం తాను బతికే ఉన్నానని ఎఫ్ఈ అనే ఒక్క బైటు పంపుతూ ఉంటుంది. ఒకసారి అది మొదలయ్యాక 300 మిల్లీసెకన్ల పాటు ఏ సందేశమూ రాకపోతే, తీగ ఊడిందని లెక్క వేసుకుని అందుకునే పరికరం తనంతట తానే స్వరాలన్నీ ఆపేస్తుంది. ఒక్క బైటుతో కానిచ్చిన ఆ పనిని ఇప్పటి ఖరీదైన యాప్‌లు చాలా చేయవు. సంబంధం తెగిపోతే నువ్వేం చేస్తావు అన్న ప్రశ్నకు వాటి దగ్గర జవాబే ఉండదు.

128 మెట్లు వాల్యూమ్‌కు చాలకపోవచ్చు, ఫిల్టర్ ఫ్రీక్వెన్సీకి అసలే చాలవు. 1997లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ కేంద్రంలోని సీఎన్‌మ్యాట్ అనే సంగీత పరిశోధన సంస్థలో మ్యాట్ రైట్, ఏడ్రియన్ ఫ్రీడ్ తెచ్చిన ఓపెన్ సౌండ్ కంట్రోల్, అంటే ఓఎస్‌సీ, ఆ ఇరుకును వదిలించింది. చానల్ నంబర్ల బదులు చదివితే అర్థమయ్యే చిరునామాలు, ఏడు బిట్ల బదులు 32 బిట్ల దశాంశ విలువలు. 'స్లాష్ సీహెచ్ స్లాష్ 01 స్లాష్ మిక్స్ స్లాష్ ఫేడర్' అన్న చిరునామా ఇంగ్లిష్‌లో 16 అక్షరాలు. చివర ఒక సున్నా బైటు ఉండాలి, మొత్తం నాలుగుతో భాగింపబడాలి, కాబట్టి 20 బైట్లు. విలువ ఏ రకమో చెప్పడానికి నాలుగు, విలువకు నాలుగు. వెరసి 28 బైట్లు. యూడీపీ, ఐపీ హెడర్లు కలిపినా 56. తప్పు వెతకడానికి, నెట్‌వర్క్‌లో వెళ్లే ప్యాకెట్లను చూపించే వైర్‌షార్క్ అనే సాఫ్ట్‌వేర్ తెరిస్తే సందేశం కంటికి ఎదురుగా చదువుకునేలా కనబడుతుంది. చిన్న చిప్‌లో దాన్ని విడదీయడానికి పట్టే కోడ్ కూడా కొంచెమే. ఫేడర్ల లాంటి పనికి నా మొదటి ఎంపిక ఇదే.

అయితే ఓఎస్‌సీ సందేశం రూపాన్నే చెబుతుంది, అర్థాన్ని చెప్పదు. బెరింగర్ ఎక్స్32 మిక్సర్‌ను తీసుకోండి, యూడీపీ పోర్టు 10023 మీద ఓఎస్‌సీ మాట్లాడుతుంది. దాని ఫేడర్ విలువ 0 నుంచి 1 వరకు. అందులో 0.75 అంటే సున్నా డెసిబెల్స్, 0.5 అంటే మైనస్ 10, 0.25 అంటే మైనస్ 30. మధ్యలో గీత వంపులు తిరుగుతుంది. ఈ లెక్క తెలియనివాడు 0.5 అంటే సగమే కదా, మైనస్ 6 అనుకుని కంట్రోలర్ రాస్తాడు, తర్వాత ఆ శబ్దం ఎందుకు తగ్గిందో అర్థంకాక తల పట్టుకుంటాడు. మార్పులన్నీ తనకు పంపమని యాప్ అడగాలంటే ఆ మిక్సర్‌కు ఒక విన్నపం పంపాలి, అది 10 సెకన్లకే కాలం చెల్లుతుంది, మళ్లీ మళ్లీ అడుగుతూ ఉండాలి. మొదట చూసినప్పుడు విసుగ్గా అనిపిస్తుంది. కానీ మంచి పద్ధతి. ట్యాబ్లెట్ బ్యాటరీ అయిపోయి చచ్చిపోతే మిక్సర్ దాని కోసం అనవసరంగా ప్యాకెట్లు పంపుతూ కూర్చోదు.

ఎమ్‌క్యూటీటీని వ్యాసకర్త మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకుంటాను, దాని చోటులో. 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, ఆర్లెన్ నిపర్ దాన్ని చమురు పైపులైన్ల సమాచారం ఉపగ్రహం ద్వారా తెప్పించుకోవడానికి తయారుచేశారు. లింకు ఖరీదు, వేగం తక్కువ, అప్పుడప్పుడు తెగిపోతుంది. ఆ పనికి అద్దినట్టు సరిపోయింది. పెద్ద భవనంలో వందల యాంప్లిఫయర్లుంటే ఏది వేడెక్కింది, ఏది ఆగిపోయింది అని తెలుసుకోవడానికి ఇప్పటికీ అంతకన్నా హాయైనది నాకు కనిపించదు. పరికరం చెప్పాపెట్టకుండా మాయమైతే దాని తరఫున బ్రోకరే 'ఇది పోయింది' అని అందరికీ చెప్పే ఏర్పాటు కూడా అందులో ఉంది. కానీ ఫేడర్‌కు? వేలికీ డీఎస్‌పీకీ మధ్య బ్రోకర్ అనే మరో కంప్యూటర్ వచ్చి కూర్చుంటుంది. అది రీస్టార్ట్ అయితే పక్కపక్కనే ఉన్న ట్యాబ్లెట్‌కూ మిక్సర్‌కూ మాటల్లేవు.

ఎమ్‌క్యూటీటీలో ఇంకో ఉచ్చు ఉంది, వ్యాసంలో దాన్ని సౌకర్యంగా రాశారు. సందేశానికి రిటెయిన్ అనే జెండా, అంటే ఒక గుర్తు, పెడితే చివరి సందేశాన్ని బ్రోకర్ దాచుకుని, కొత్తగా చేరిన ప్రతివాడికీ వెంటనే ఇస్తుంది. 'ఇప్పుడు వాల్యూమ్ ఇంత ఉంది' అని పరికరం చెప్పే స్థితికి ఇది బ్రహ్మాండంగా పనికొస్తుంది. అదే జెండాను 'వాల్యూమ్ ఇంతకు పెంచు' అన్న ఆదేశానికి పెడితే, ఎప్పుడో పెట్టిన ఆదేశం బ్రోకర్ దగ్గర పొంచి ఉంటుంది. యాంప్లిఫయర్ కరెంటు పోయి వచ్చి బ్రోకర్‌తో కలవగానే అది వచ్చి పడుతుంది. గదిలో ఎవరూ ఏ బటనూ నొక్కలేదు, స్పీకర్లు గట్టిగా మోగుతున్నాయి. స్థితిని దాచుకోవచ్చు, ఆదేశాన్ని దాచుకోకూడదు. ఈ ఒక్క వాక్యం ఆ వ్యాసంలో ఉంటే బాగుండేది.

ప్యాకెట్ ఎలా వెళ్తుందన్నదే కాదు, ఒక ప్యాకెట్‌లో ఎంత ఉండాలన్నదీ ముఖ్యమే. ఈక్వలైజర్‌లో ఒక ఫిల్టర్ అంటే డీఎస్‌పీ దృష్టిలో ఐదు సంఖ్యలు. ఆ ఐదూ ఒక జట్టు. మూడు కొత్తవి, రెండు పాతవి ఉన్న క్షణంలో ఆ ఫిల్టర్ అదుపు తప్పి స్పీకర్‌లో టప్పుమనొచ్చు, కీచుమనొచ్చు. అనలాగ్ డివైసెస్ వాళ్ల ఏడీఏయూ1701 లాంటి చిప్‌లలో దీని కోసమే సేఫ్‌లోడ్ అనే వసతి ఉంది. ఐదింటినీ పక్కన పేర్చుకుని, ఒక శాంపిల్‌కూ ఇంకో శాంపిల్‌కూ మధ్య సందులో ఒక్కసారిగా లోపలికి తోస్తుంది. చిప్ తయారుచేసినవాళ్లు ఇంత జాగ్రత్త పడితే, పైన ప్రోటోకాల్ రాసేవాళ్లు ఐదు సంఖ్యలను ఐదు సందేశాలుగా పంపి అందులో ఒకటి పోగొడితే ఏం లాభం? నా మాటైతే అసలు ఆ ఐదూ నెట్‌వర్క్ మీదికి రాకూడదు. ఫ్రీక్వెన్సీ, గెయిన్, వెడల్పు, ఈ మూడూ ఒకే ప్యాకెట్‌లో పంపండి, లెక్క పరికరం చేసుకుంటుంది. ఇప్పటి చిన్న చిప్‌లకు ఆ లెక్క కష్టమేం కాదు. దానివల్ల రేపు డీఎస్‌పీ చిప్ మారినా యాప్ మారక్కర్లేదు.

టీసీపీ వాడాల్సిన చోట వాడొద్దని నేననను. ప్రీసెట్లు, ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు, లాగ్‌లు, ఇవన్నీ దాని సొత్తే. వాడినప్పుడు రెండు సంగతులు మాత్రం గుర్తుంచుకోవాలి. టీసీపీకి సందేశం అంటే తెలియదు, బైట్ల ప్రవాహమే తెలుసు. ల్యాబ్‌లో ఒక్కో ఆదేశం ఒక్కో ముక్కగా వస్తుంది, బయట రెండు ఆదేశాలు అతుక్కుని రావచ్చు, ఒకటి సగానికి తెగి రావచ్చు. ముందు పొడవు రాసి తర్వాత సందేశం రాయకపోతే సగం చదివిన సందేశం చూసి చిప్ బిత్తరపోతుంది. రెండోది నేగల్ పద్ధతి. 1984లో జాన్ నేగల్ చిన్న చిన్న ప్యాకెట్లతో నెట్‌వర్క్ నిండిపోకుండా వాటిని కాసేపు ఆపి కలిపి పంపే ఉపాయం చెప్పారు. అవతలివాడు రసీదును ఆలస్యం చేసే పద్ధతి దీనికి తోడైతే చిన్న ఆదేశం ఏ కారణమూ కనపడకుండా పదుల, వందల మిల్లీసెకన్లు ఆగుతుంది. నోడిలే అనే ఒక్క సెట్టింగ్‌తో పోయే జబ్బు అది. మెమరీ గోల కూడా ఉంది. ఈఎస్‌పీ32 లాంటి చిప్‌లో లోపలి ర్యామ్ మొత్తం 520 కిలోబైట్లు. సందేశాలకు తాళం వేసే టీఎల్ఎస్ పద్ధతిలో ఒక్క రికార్డే 16 కిలోబైట్ల దాకా ఉండొచ్చు. ఆరేడు ట్యాబ్లెట్లు ఒక్కసారి వచ్చి చేరితే లెక్క చూసుకోవాల్సిందే.

చాలాసార్లు ప్రోటోకాల్ మీద పడే నింద నిజానికి వైఫైది. పరికరం కరెంటు ఆదా కోసం కునుకు తీస్తుంది, వైఫై సిగ్నల్ ఇచ్చే యాక్సెస్ పాయింట్ దాని కోసం వచ్చిన ప్యాకెట్లను దాచి, మామూలుగా 102.4 మిల్లీసెకన్లకు ఒకసారి పంపే బీకన్ అనే సంకేతంలో చెబుతుంది. ఈఎస్‌పీ32లో ఈ కునుకు ముందే పెట్టి ఉంటుంది. గోడకు తగిలించి కరెంటు ప్లగ్ పెట్టిన యాంప్లిఫయర్‌కు ఆదా ఎందుకు? ఆ సెట్టింగ్ తీసేయండి, సగం ఫిర్యాదులు పోతాయి. అలాగే మల్టీకాస్ట్‌ను, అంటే ఒకే ప్యాకెట్‌ను చాలామందికి ఒకేసారి పంపడాన్ని, పరికరాలను వెతుక్కోవడానికే ఉంచుకోండి. ఎండీఎన్ఎస్ అనే ప్రోటోకాల్ చేసే పని అదే. వైఫై మీద ఒకరికి పంపే ప్యాకెట్ పోతే రేడియో స్థాయిలోనే మళ్లీ వెళ్తుంది, అందరికీ పంపే మల్టీకాస్ట్‌కు ఆ రక్షణ లేదు. యూడీపీ అంటే ప్యాకెట్లు పోతాయి అని భయపడేవాళ్లు తరచుగా చూసింది మల్టీకాస్ట్ పోవడాన్నే.

పెద్ద ఆడిటోరియాలు, విమానాశ్రయాల స్థాయిలో ఏఈఎస్70 అనే ప్రమాణం ఉంది, 2015లో వచ్చింది. పరికరంలోని ప్రతి ఫేడర్‌నూ ప్రతి మ్యూట్‌నూ ఒక వస్తువుగా చూస్తుంది, జవాబు కావాలా అక్కర్లేదా అన్నది ఆదేశంలోనే చెప్పనిస్తుంది. మార్పులను అడిగినవాళ్లకు తనే తెలియజేస్తుంది. నేర్చుకోవడానికి ఓపిక కావాలి, కానీ వేర్వేరు కంపెనీల సామాను కలిసి పనిచేయాల్సిన చోట దాన్ని పక్కన పెట్టి సొంత వంట వండుకోవడం తెలివైన పని కాదు.

సొంత వంట అంటే గుర్తొచ్చింది. ఒక తయారీదారు యాంప్లిఫయర్లను మా వ్యవస్థలో కలపాల్సి వచ్చింది. పేరు చెప్పను. సరుకు మంచిదే, శబ్దం మంచిదే. నియంత్రణ మాత్రం వాళ్ల యాప్‌తోనే చేయాలి. ప్రోటోకాల్ వివరాలు అడిగితే ససేమిరా అన్నారు. కొన్నాళ్లకు ఫోన్లలో కొత్త వెర్షన్లు వచ్చాయి, ఆ యాప్ తెరుచుకోవడం మానేసింది, వాళ్లు దాన్ని వదిలేశారు. బంగారంలా పనిచేసే పెట్టె, మాట్లాడే దిక్కు లేదు. చివరికి పాత ఫోన్ ఒకటి పట్టుకుని, వైర్‌షార్క్ పెట్టి, యాప్‌లో ఒక్కో బటన్ నొక్కుతూ ఏ బైటు మారుతుందో చూసుకుంటూ రాసుకున్నాం. లోపల చూస్తే ఏముంది, వాల్యూమ్ 'ఒక మెట్టు పెంచు, ఒక మెట్టు దించు' అనే సందేశాలు, రసీదు లేని యూడీపీ మీద. అసలు విలువ ఎంతో అడిగే సందేశమే లేదు. అందుకే మేం పవర్ రాగానే ముందు మెట్లన్నీ కిందికి దించేసి, అక్కడి నుంచి లెక్కపెట్టుకుంటూ పైకి రావాల్సి వచ్చింది. ప్యాకెట్ పోతే లెక్క తప్పుతుంది, మళ్లీ మొదటికి. యూడీపీని తిట్టడం తేలిక. ఆ పెట్టెను టీసీపీ మీద పెట్టినా విలువ అడిగే దారి లేకపోవడం అలాగే ఉండేది.

భద్రత గురించి వ్యాసంలో రెండు వాక్యాలున్నాయి, నేనూ ఎక్కువ రాయను. మామూలు ఓఎస్‌సీకి తాళం లేదు. అదే నెట్‌వర్క్‌లో ఉన్న ఎవరైనా మీ ఫేడర్ లాగొచ్చు. నియంత్రణ నెట్‌వర్క్‌ను అతిథుల వైఫై నుంచి విడదీయండి. ఇంకా ముఖ్యమైనది, గరిష్ఠ వాల్యూమ్ హద్దు పరికరం లోపలే ఉండాలి, ఏ ప్యాకెట్ వచ్చినా దాన్ని దాటనివ్వకూడదు. ఇక మంటలు రేగినప్పుడు సంగీతం ఆగి హెచ్చరిక వినిపించాలంటే, దాన్ని ఏ నెట్‌వర్క్ ప్రోటోకాల్‌కూ అప్పజెప్పకండి. వ్యవస్థల్లో పెట్టే చాలా యాంప్లిఫయర్ల వెనక రెండు స్క్రూల కాంటాక్ట్ టెర్మినల్ ఉంటుంది. రెండు తీగలు కలిస్తే మ్యూట్. దానికి ఐపీ అడ్రస్ అక్కర్లేదు.

సంపాదకులకు నా విన్నపం ఒకటే. ఇలాంటి పరికరాల మీద మీ పేజీలో సమీక్షలు వస్తుంటాయి. శబ్దం ఎలా ఉంది, యాప్ ఎంత అందంగా ఉంది అని రాస్తున్నారు. ఈసారి మీ సమీక్షకుడిని ఇంకొన్ని పనులు కూడా చేయమనండి. ఫేడర్ లాగుతూ ఉండగా మధ్యలో నెట్‌వర్క్ తీగ పీకి, శబ్దం ఎక్కడ ఆగిందో, తీగ మళ్లీ పెట్టాక తెర మీది విలువ, లోపలి విలువ ఒకటయ్యాయో లేదో చూడమనండి. రెండు ఫోన్ల నుంచి ఒకేసారి మ్యూట్ నొక్కి చూడమనండి. పరికరానికి కరెంటు తీసి మళ్లీ ఇచ్చి, ఏ వాల్యూమ్‌తో లేచిందో రాసుకోమనండి. ప్రోటోకాల్ పత్రం ఇస్తారా అని కంపెనీకి ఒక మెయిల్ పెట్టి, వచ్చిన జవాబును ఉన్నది ఉన్నట్టు అచ్చువేయండి. జవాబు రాకపోతే రాలేదని అచ్చువేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఆడియో ఫర్మ్‌వేర్ ఇంజినీరు